వరి ఎండాకు తెగులు: గోడను కరిగించు సూక్ష్మజీవి



వానకాలపు వరి పొట్టకు వచ్చు దినములలో మన సంఘ కార్యాలయమునకు ఎండుటాకులు చేతబట్టుకొని వచ్చు సభ్యులు ఏటేట కొందరుందురు. ఆకు కొనయందు మొదలిడి, అంచుల వెంబడి క్రిందికి దిగుచు, గడ్డిరంగున నెండియుండును. ఎండిన భాగమునకును పచ్చని భాగమునకును నడుమ గీత అలవలె వంకరలు పోవును. "దీనికే మందు కొట్టవలెను?" అని వారి ప్రశ్న. శామీర్‌పేట వైపున సాగు చేయుచున్న ఒక సభ్యుడు గత వానకాలమున మమ్మడుగుటకు ముందే మూడు మందులు కొట్టియుండెను. మూడింటికిని అప్పు చేసెను. అప్పు నిలిచినది, తెగులు నిలువలేదు. అట్టివారి నుద్దేశించియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

గాజులరామారము ఒకనాటి పల్లె. నేడది హైదరాబాదు నగరములో గలిసి, ఇండ్లతోను కార్ఖానాలతోను నిండినది. అయినను మేడ్చల్, శామీర్‌పేట వైపున చెరువుల క్రిందను బోరుబావుల క్రిందను వరి వేయువారు మనలో నున్నారు. వారికి ఈ తెగులు కొత్తది కాదు. దాని మర్మము మాత్రము కొత్తగా దెలిసికొనదగినది.

మొదట తెగులును గుర్తించు ఉపాయము చెప్పెదము. తెగులు సోకిన ఆకును, ఎండినచోటును పచ్చనిచోటును కలియు తావున, కత్తితో అడ్డముగా కోయవలెను. కోసిన తుంటను గాజుగ్లాసులోని తేటనీటిలో నుంచి కొంతసేపు కదలింపక చూడవలెను. కోసిన అంచునుండి పాలవంటి సన్నని ధార నీటిలోనికి దిగినచో అది బాక్టీరియా ఎండాకు తెగులు. ఆ ధార యంతయు సూక్ష్మజీవుల గుంపే. ధార కానరానిచో ఎండుటకు వేరు కారణము వెదకవలెను. ఈ పరీక్షకు దమ్మిడీ ఖర్చు లేదు. మందు కొనుటకు ముందు దీనిని చేయని రైతు చీకటిలో రాయి విసరినవాడగును.

ఈ సూక్ష్మజీవి పేరు జాంతోమోనాస్ ఒరైజే. జపాను దేశపు ఫుకువోకా ప్రాంతమున 1884లో రైతులే దీని తెగులును మొట్టమొదట గమనించిరి. మన దేశమున 1963లో బీహారు ప్రాంతమున ఇది మహామారివలె చెలరేగెను. ఆకుల అంచులందు నీరు చెమర్చుటకు ప్రకృతి యేర్పరచిన రంధ్రములు గలవు. ఈ జీవి ఆ రంధ్రముల గుండనో, గాలివానకు చిరిగిన గాయముల గుండనో లోన జొచ్చి, నీటినాళములలో కాపురముండును. ఉదయమున ఆకులపై కనబడు పసుపుపచ్చని జిగట బొట్టులు అచ్చటినుండి వెలువడినవే. వాన చినుకు వానిని పొరుగు మడికి మోయును. కాలువనీరు దూరమునకు గొంపోవును.

లోన జొచ్చిన జీవి పైరునెట్లు చెఱచును? ఇదియే మన విషయము. వరియాకు లెక్కలేనన్ని చిన్న గదుల కూర్పు. ఒక్కొక్క గదికి కణమని పేరు. ప్రతి కణము చుట్టును గోడ గలదు. మట్టిగోడలో గడ్డిపోచలు మట్టిని బట్టి నిలుపునట్లు, ఈ గోడలో సెల్యులోజు అను నారలు నిలువుగాను అడ్డముగాను పరచుకొనియుండును. వాని నడుమ జైలాన్ మొదలగు జిగట పదార్థములు బంధములై యుండును. సూక్ష్మజీవికి నోరు లేదు, పళ్లు లేవు. అది ఎంజైము లనబడు పాచక ద్రవ్యములను తన యొడలిలో దయారుచేసి వెలుపలికి స్రవింపజేయును. ఒక ఎంజైము సెల్యులోజు నారను తునుకలు చేయును. ఒకటి జైలాన్‌ను కోయును. మరియొకటి బంధముల ముడులను విప్పును. మన కడుపులో అన్నము జీర్ణమగునట్లు కణపుగోడ కరగును.

ఈ సంగతిని శోధించినవారు దూరదేశస్థులు కారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. అను కణ, అణుజీవశాస్త్ర పరిశోధనా కేంద్రమున శ్రీ రమేష్ వి. సొంటిగారును వారి సహచరులును ఈ తెగులుపై ఏండ్ల తరబడి పనిచేసిరి. ఎంజైములను వెలుపలికి పంపు ద్వారము చెడిన సూక్ష్మజీవి వరికి తెగులు కలిగించుటలో బలహీనమగునని వారు 2000లో ప్రకటించిరి. జైలాన్‌ను కోయు ఎంజైమును, లైపే అను మరియొక ఎంజైమును, రెంటిని గోల్పోయిన జీవి మిగుల బలహీనమగునని 2005లో చూపిరి. అంతకంటె వింతయైనది 2007లో దెలిసినది. గోడ కరగుట మొదలైనంతనే వరి మేలుకొని తన రక్షణను ప్రారంభించునట. ముందుగా లైపేను మాత్రము ఆకులోనికి బంపినచో, అటుపిమ్మట వచ్చు అసలు శత్రువును ఆ వరి యెదుర్కొనగలిగెను. కన్నము వేయు చప్పుడే యింటివానిని లేపుచున్నదన్నమాట. అందుచేతనే ఈ దొంగ సూదివంటి మరియొక సాధనముతో కొన్ని ద్రవ్యములను కణములోనికి నేరుగా బంపి, యింటివానిని తిరిగి నిద్రపుచ్చును.

ఇచ్చట బుద్ధిమంతుడైన రైతు ఒక ప్రశ్న వేయును. గోడలు కరిగించు ద్రవ్యమును కడుపున మోయు సూక్ష్మజీవి గోడ ఏల కరగదు? దానికిని గోడ గలదు. కాని ఆ గోడ సెల్యులోజుతో గట్టినది కాదు. చక్కెరగొలుసులను మాంసకృత్తుల తునుకలతో అల్లిన వల యది. వరిగోడకు సరిపడు తాళపుచెవి ఆ తాళమున దూరదు.

అయినను ఆ వలను కోయు ఎంజైములును లోకమున గలవు. మన కన్నీటిలోను కోడిగ్రుడ్డు తెల్లసొనలోను ఉండు లైసోజైమును అలెగ్జాండర్ ఫ్లెమింగుగారు 1922లో ప్రకటించిరి. అది సూక్ష్మజీవుల గోడను కోసి వానిని పగులగొట్టును. దానికి కొన్ని సూక్ష్మజీవులు ప్రతిక్రియ నేర్చినవి: తమ గోడలోని చక్కెరలకు చిన్న తొడుగు తగిలించి కత్తి దిగకుండ జేసికొనును. ఇంకను చిత్రమేమన, ప్రతి సూక్ష్మజీవియు తన గోడను తానే కొంచెము కొంచెముగా కోసికొనవలసియే యున్నది. దడిని విప్పనిదే పెరడు పెరుగదు గదా! పాత వలను కత్తిరించినగాని కొత్త పోగు చేర్చుటకు చోటుండదు. ఈ కత్తెరలు లేనిదే జీవి పెరుగజాలదని సి.సి.ఎం.బి.లోనే శ్రీమతి మంజులారెడ్డిగారి బృందము 2012లో నిరూపించెను. ఆ కత్తెరలలో నొకదానిని పని తీరినంతనే నాశముచేసి అదుపున నుంచు కట్టుబాటు కూడ జీవిలో గలదని 2015లో చూపెను. ఆమెకు 2019లో ఇన్ఫోసిస్ బహుమానము లభించెను. పెన్సిలిన్ అను మందు గోడ కట్టు పనివానిని ఆపును. కత్తెర మాత్రము తన పని మానదు. గోడ పలుచనై జీవి పగులును. ఆ పెన్సిలిన్‌నే విరుగగొట్టు ఎంజైము సూక్ష్మజీవులలో గలదని, మందు జనసామాన్యమునకు అందకమునుపే, 1940లో కనుగొనిరి.

మందులను విచ్చలవిడిగా వాడరాదనుటకు ఇంతకంటె హెచ్చరిక యేల? స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ మందులు గోడను గాక జీవి లోపలి పనిని చెఱచునవి. వానికిని సూక్ష్మజీవులు తట్టుకొనుట నేర్చినవి. అవి మనుష్యులకును పశువులకును ప్రాణాధారములు. వానిని మడిలో చల్లినచో, తట్టుకొను జీవులే మిగిలి వృద్ధిపొందును. నేడు పైరుకు గొట్టినది రేపు బిడ్డ జ్వరమునకు పనిచేయకపోవచ్చును. ఇక బూజుతెగుళ్ల మందులు బూజుకేగాని ఈ తెగులుకు పనికిరావు. మన శామీర్‌పేట సభ్యుని సొమ్ము పోయినది ఈ భేదము తెలియకయే.

మరి మార్గమేది? విత్తనము. సాంబమసూరి అనబడు బి.పి.టి. 5204 మన యిండ్లలో ఎంత ప్రియమో, ఈ తెగులుకును అంత ప్రియము. సి.సి.ఎం.బి.వారును, రాజేంద్రనగరులోని వరి పరిశోధనాలయమువారును గలిసి, ఆ వరికే మూడు రక్షక జన్యువులను సంకరము ద్వారా చేర్చి, 2008లో మెరుగైన సాంబమసూరిని విడుదలచేసిరి. అందొక జన్యువు ఆఫ్రికాలోని మాలీ దేశపు అడవివరినుండి వచ్చినది. అది శత్రువును గుర్తుపట్టు కావలివాడు. తక్కిన రెండును శత్రువు దొంగచాటుగా త్రిప్పు తాళములను మార్చినవి. ఒకటి విఫలమైనను తక్కినవి నిలుచునని మూటిని జతపరచిరి. గింజ సన్నదనమును రుచియు చెడలేదు. ఇది అగ్గితెగులుకు గాని దోమపోటుకు గాని రక్ష కాదని మాత్రము మరువరాదు.

విత్తనము మార్చినను మార్చకున్నను, రైతు చేతిలోని పనులు కొన్ని గలవు. నాటునపుడు నారు కొనలు త్రుంపరాదు. ఆ గాయమే శత్రువునకు వాకిలి. యూరియా ఒక్కమారు కుమ్మరింపక విడతలుగా వేయవలెను. తెగులు కనబడినచో వేయుట ఆపవలెను. తెగులు మడినీరు పొరుగుమడికి పారనీయరాదు. వీలైనచో నీరు తీసివైచి మడిని ఆరగట్టవలెను. గెట్లమీది గడ్డిని తీసివేయవలెను. శత్రువు పంటలేని దినములలో అందు దాగియుండును. ఆకులు తడిసియుండగా మడిలో దిగి తిరుగరాదు.

ఇవి ఒక్కరు చేసినచో ఫలము స్వల్పము. నీరు ఒక మడినుండి మరియొక మడికి పారునదే గనుక, ఒకే కాలువ క్రింది రైతులందరు గూడి చేసినచో ఫలము మెండు. సహకారమను మాటకు అర్థమిదియే. నాట్లకు ముందే విత్తనపు కోరిక జాబితాను సంఘమునకు వ్రాసియిచ్చినచో, నమ్మకమైన చోటునుండి కలిసి తెప్పించుకొనవచ్చును. గాజుగ్లాసు పరీక్షను కార్యాలయముననే చేసి చూపుదుము. మందుల దుకాణమునకు పోకమునుపు ఆకును మాయొద్దకు దెండని మా ప్రార్థన. మా మిత్రుడు ఈ యేడు మెరుగైన విత్తనము కోరువారి జాబితాలో మొదటి పేరు తనదే వ్రాయించెను.