సంఘంలో కెమెరా ఉన్నది, ఫోనులో బొమ్మ రాదు: లోపం ఎక్కడో కనుక్కొనే పద్ధతి

ఈ మధ్య తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో, నేను పుస్తకాలు తెరవక ముందే సభ్యులు ఒక ఫిర్యాదు తెచ్చారు. "అయ్యా, పొద్దుటి పూట కెమెరా ఫోనులో బాగానే కనిపిస్తుంది. సాయంకాలం పాలు పోసే వేళకు మాత్రం బొమ్మ ఆగిపోతుంది. వారం రోజులుగా ఇదే వరస. టెస్టరు కావాలనే ఆపుతున్నాడు" అన్నారు. ఆ టెస్టరు పన్నెండేళ్ళుగా అక్కడ పని చేస్తున్న మనిషి. ఏమీ మాట్లాడకుండా బల్ల దగ్గర తల వంచుకొని నిలబడ్డాడు. పాలకవర్గ సమావేశం పెట్టి అతన్ని తీసివేయాలనే దాకా మాట వచ్చింది. నిజం చెప్పవలెనంటే నాకూ మొదట అతని మీదనే అనుమానం కలిగింది.

అసలు కారణమేమిటో మూడవ అంశంలో చెబుతాను. అయితే ఇట్టి తగాదా ఇంకొక సంఘంలో రాకుండా ఉండాలంటే, కెమెరా బొమ్మ మన ఫోనుకు ఏ దారిన వస్తుందో, ఆ దారిలో ఎక్కడెక్కడ ఆగుతుందో సభ్యులందరికీ తెలిసి ఉండాలి. ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు.

బొమ్మ నడిచే దారి

కెమెరా తీసిన బొమ్మ ముందుగా తీగ ద్వారా రికార్డరు పెట్టెకు చేరి, అందులోని హార్డ్ డిస్కు మీద నిలవ అవుతుంది. రికార్డరు నుండి ఇంకొక తీగ రూటరుకు పోతుంది. మన ఊళ్ళలో చాలాచోట్ల ఆ రూటరులో మొబైలు సిమ్ ఉంటుంది. సిమ్ నుండి టవరుకు, టవరు నుండి ఇంటర్నెట్టుకు, కెమెరా కంపెనీ సర్వరు మధ్యవర్తిత్వంతో మీ ఫోనుకు బొమ్మ వస్తుంది.

ఇందులో ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది ఒకటున్నది. నిలవ అయ్యేది సంఘంలోనే. ఫోనుకు బొమ్మ రానంత మాత్రాన రికార్డు ఆగినట్లు కాదు. పాల వ్యాను ఒక పూట రాకపోయినంత మాత్రాన కొలత పుస్తకంలో రాసిన లీటర్లు చెరిగిపోవు గదా! కాబట్టి బొమ్మ ఆగినప్పుడు మనుషుల వైపు చూడక ముందు రికార్డరు వైపు చూడాలి.

1. సంఘం గదిలో నిలబడి చేసే పరీక్ష

లోపాన్ని ఎప్పుడూ సంఘం నుండి బయటికి వరుసగా వెదకాలి. ముందుగా రికార్డరుకు తగిలించిన టీవీ తెర మీద బొమ్మ వస్తున్నదా చూడండి. అక్కడే రాకపోతే లోపం కెమెరాలోనో, తీగలోనో, దాని అడాప్టరులోనో ఉన్నదన్నమాట. మొబైలు కంపెనీని అనవలసిన పని లేదు.

తెర మీద వస్తూ ఫోనులో రాకపోతే, ఫోనులో మొబైలు డేటా ఆపి, సంఘం రూటరు వైఫైకి కలిపి ఏదైనా వార్తల పేజీ తెరవండి. పేజీ తెరుచుకోకపోతే లోపం సిమ్‌లోనో, డేటాలోనో, సిగ్నల్‌లోనో ఉంది. పేజీ చక్కగా తెరుచుకొని, బయటి నుండి కెమెరా మాత్రమే కనిపించకపోతే లోపం రికార్డరు నెట్‌వర్కు అమరికలో ఉంది. ఈ ఒక్క పరీక్షతో వెదకవలసిన చోటు సగానికి తగ్గుతుంది.

ఇంటి దగ్గర చూసే ఫోనులో కూడా డేటా ఉన్నదో లేదో సరి చూసుకోండి. వేరే కంపెనీ సిమ్ ఉన్న రెండవ ఫోనులో తెరిచి చూస్తే లోపం మన చేతిలోనే ఉన్నదా అన్నది తెలిసిపోతుంది.

2. కరెంటు

బల్క్ కూలరు ఉన్నచోట కరెంటు పోగానే జనరేటరు వేస్తాము. ఆ కొద్ది క్షణాల విరామానికే రూటరు, రికార్డరు రెండూ ఆరిపోయి మళ్ళీ మొదటి నుండి లేస్తాయి. అవి పూర్తిగా లేచి టవరును అందుకొనే దాకా ఫోనులో 'ఆఫ్‌లైన్' అని చూపుతుంది. అయిదు నిముషాలు ఓపిక పట్టండి. రెండింటికీ కలిపి ఒక చిన్న యు.పి.ఎస్. పెట్టుకొంటే ఈ బాధ తీరుతుంది. రికార్డరుకు పెట్టి రూటరును మరచిన సంఘాలను నేను చూశాను. అట్లా చేస్తే రికార్డు నిలుస్తుంది గాని బొమ్మ బయటికి పోదు.

3. సిమ్, డేటా

రీచార్జి గడువు ముగుస్తున్నదని కంపెనీ పంపే సందేశం సాధారణంగా ఆ సిమ్ నంబరుకే వస్తుంది. సిమ్ రూటరులో ఉంది. దానిని చదివేవారెవరు? కనుక గడువు తేదీని గోడ మీద క్యాలెండరులో రాసి పెట్టుకోవడమే మంచిది. సిమ్ మాజీ కార్యదర్శి పేరున కాక సంఘం పేరున ఉండాలి. వేరే కంపెనీ సిమ్ వేసినప్పుడు రూటరులో 'ఏ.పి.ఎన్.' అనే గడిలో ఆ కంపెనీ మాట వేయవలసి రావచ్చు.

ఇక డేటా లెక్క. రికార్డరు ప్రతి కెమెరా బొమ్మను రెండు విధాలుగా ఇస్తుంది. పెద్ద బొమ్మను 'మెయిన్ స్ట్రీమ్' అని, చిన్న బొమ్మను 'సబ్ స్ట్రీమ్' అని అంటారు. పెద్ద బొమ్మను సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున అమర్చి ఉంటే గంటకు 900 ఎం.బి. ఖర్చవుతుంది. చిన్న బొమ్మను సెకనుకు 512 కిలోబిట్లకు అమర్చితే గంటకు సుమారు 230 ఎం.బి. చాలు. ఇది ఒక్క కెమెరాకు లెక్క. నాలుగు కెమెరాలు ఒకేసారి తెరిస్తే నాలుగింతలు.

పైన చెప్పిన సంఘంలో జరిగినది ఇదే. వారి సిమ్‌కు రోజుకు 1.5 జి.బి. ప్యాకు. పాలకవర్గ సభ్యుడొకరు ఎరువుల దుకాణం తెరవగానే అక్కడి టీవీలో సంఘం కెమెరా పెద్ద బొమ్మ పెట్టి, రోజంతా అలాగే వదిలేస్తున్నారు. గంటా నలభై నిముషాలకే ఆ రోజు డేటా హరించుకుపోతున్నది. ఆపైన కంపెనీ వేగాన్ని సెకనుకు 64 కిలోబిట్లకు తగ్గిస్తుంది. చిన్న బొమ్మకు కావలసిన దానిలో ఇది ఎనిమిదవ వంతు! ఇక బొమ్మ ఎట్లా కదులుతుంది? అర్ధరాత్రి దాటగానే కొత్త రోజు డేటా వస్తుంది కనుక పొద్దుటి పూట అంతా బాగానే ఉంటుంది. మధ్యాహ్నం సంఘం వైపు ఎవరూ చూడరు కనుక సాయంకాలం ఆగిందనుకొన్నారు. టెస్టరు చెయ్యి ఇందులో లేనే లేదు.

ఇట్టి సంఘాలకు నా సలహా: ఫోనులో ఎప్పుడూ సబ్ స్ట్రీమ్‌తోనే చూడండి. అవసరమైన కెమెరా ఒక్కటే తెరవండి. చూడడం అయిపోగానే యాప్ మూసివేయండి. సంఘం వైఫై సంకేత పదం ఊరందరికీ ఇవ్వకండి. పాల కొలత వేళ పిల్లలు సినిమాలు చూస్తే కెమెరాకు దారి మిగలదు.

4. సిగ్నల్

మనం ఫోనులో సినిమా చూసేటప్పుడు కిందికి దింపే వేగం కావాలి. కెమెరాకు కావలసినది పైకి పంపే వేగం. మొబైలులో సాధారణంగా ఇది తక్కువ. కనుక స్పీడ్ టెస్టు చేసినప్పుడు 'అప్‌లోడ్' అంకెనే చూడండి. అది ఒక మెగాబిట్టుకు తక్కువగా ఉంటే పెద్ద బొమ్మ మీద ఆశ వదులుకోవాలి.

రూటరును రేకుల షెడ్డులో, స్టీలు ట్యాంకు వెనుక, ఇనుప బీరువా మీద పెట్టకండి. లోహం సిగ్నల్‌ను అడ్డుకొంటుంది. టవరు వైపున్న కిటికీ దగ్గర ఎత్తున పెట్టండి. రూటరు లోపలి పేజీలో సిగ్నల్ బలం మైనస్ అంకెలలో ఉంటుంది. మైనస్ 90 కంటే మైనస్ 110 బలహీనం. పాడి పరీక్ష అంకెల మాదిరి పెద్దదైతే మంచిదనుకోకండి.

5. చిరునామా చిక్కు

కొందరు మెకానిక్కులు 'పోర్ట్ ఫార్వార్డింగ్' చేస్తామని, 'డి.డి.ఎన్.ఎస్.' పెడతామని డబ్బు తీసుకొంటారు. సిమ్ రూటరు మీద ఆ పని చాలావరకు సాగదు. కారణం వినండి.

ఇంటర్నెట్టులో పాత పద్ధతి చిరునామాలు మొత్తం సుమారు 430 కోట్లే. ఆసియా ప్రాంతానికి మామూలుగా పంచే నిలవ 2011 ఏప్రిల్‌లోనే అడుగంటింది. అందుచేత మొబైలు కంపెనీలు ఒకే బయటి చిరునామా వెనుక అనేకమంది వినియోగదారులను ఉంచుతాయి. మన శీతలీకరణ కేంద్రం నుండి ట్యాంకరు ఒకే నంబరుతో బయలుదేరుతుంది. అందులో ఎన్నో సంఘాల పాలు కలిసి ఉంటాయి. ట్యాంకరు నంబరు మాత్రమే తెలిసినవాడు ఫలానా సభ్యుని ఇల్లు ఎట్లా కనుక్కొంటాడు? బయటి నుండి మన రికార్డరును వెదికే ఫోనుదీ అదే పరిస్థితి.

మీ రూటరు పేజీలో 'వాన్ ఐ.పి.' అనే అంకెను చూడండి. అది 10తో మొదలైనా, 100.64 నుండి 100.127 మధ్య ఉన్నా మీరు అట్టి ఉమ్మడి చిరునామా వెనుక ఉన్నారని అర్థం. అప్పుడు చేయవలసినది రికార్డరులో 'పి.టు.పి.' లేదా 'క్లౌడ్' అనే సదుపాయాన్ని తెరిచి, తెర మీద కనిపించే క్యూ.ఆర్. గుర్తును యాప్‌తో పట్టుకోవడం. ఇందులో రికార్డరు తానే బయటికి వెళ్ళి సర్వరును పలకరిస్తుంది కనుక చిరునామాతో పని లేదు. అక్కడ 'ఆన్‌లైన్' అని ఉండాలి.

రూటరు మార్చిన తరువాత బొమ్మ ఆగితే రికార్డరులో పాత రూటరు అంకెలే మిగిలి ఉంటాయి. పాత రూటరు 192.168.1 వరసలో ఉండి, కొత్తది 192.168.8 వరసలో ఉంటే రెండూ మాట్లాడుకోలేవు. రికార్డరు నెట్‌వర్కు పేజీలో 'డి.హెచ్.సి.పి.' అన్నదానిని తెరిస్తే సరైన అంకెలు అదే తీసుకొంటుంది. ఏమీ తోచక ఫ్యాక్టరీ రీసెట్టు మాత్రం చేయకండి. అమరికలన్నీ చెరిగిపోయి పని రెట్టింపవుతుంది.

6. గడియారం, డిస్కు

రికార్డరు గడియారం తప్పితే రికార్డు ఉండి కూడా లేనట్లే. లోపలి చిన్న బ్యాటరీ అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ పాత సంవత్సరానికి పోతుంది. కొన్ని పెట్టెలు చైనా కాలమానంతో వస్తాయి. అవి మన గడియారానికి రెండున్నర గంటలు ముందు నడుస్తాయి. సాయంకాలం ఆరు గంటల రికార్డు ఎనిమిదిన్నర దగ్గర దొరుకుతుంది. కాల మండలాన్ని 5.30కి మార్చండి.

డిస్కు నిండగానే పాత రికార్డు మీద కొత్తది పడుతుంది. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున నాలుగు కెమెరాలు రాత్రింబవళ్ళు నడిస్తే రోజుకు సుమారు 86 జి.బి. ఖర్చు. 1 టి.బి. డిస్కు పదకొండు రోజులకే నిండుతుంది. పదిహేను రోజుల బిల్లు చేతికి వచ్చాక "మొదటి వారంలో వెన్న శాతం తగ్గించారు" అని సభ్యుడు అడిగితే చూపడానికి ఆ రోజుల రికార్డు ఉండదు. కనుక 2 టి.బి. డిస్కు వేయండి. దాదాపు ఇరవై మూడు రోజులు నిలుస్తుంది.

7. సంకేత పదం

పెట్టెతో వచ్చిన సంకేత పదాన్ని మార్చకుండా ఉంచడం తలుపుకు తాళం వేసి చెవి గుమ్మానికి తగిలించడమే. 2016లో 'మిరాయి' అనే దుష్ట ప్రోగ్రాము ఇట్టి సంకేత పదాలతోనే లక్షలాది కెమెరాలను, రికార్డర్లను వశపరచుకొన్నది. ఆ ఏడు అక్టోబరులో అమెరికాలోని ఒక ఇంటర్నెట్టు సంస్థపై దాడి చేసి పేరుగల వెబ్‌సైట్లను గంటల తరబడి స్తంభింపజేసినది. మీ సంకేత పదాన్ని ఈ రోజే మార్చండి. పాలకవర్గం మారినప్పుడు కూడా మార్చండి. ఎవరెవరు చూడవచ్చునో తీర్మానం పుస్తకంలో రాయండి.

ఆ సంఘంలో చివరికి ఏమైంది?

అధ్యక్షులు, పాలకవర్గం, ఫిర్యాదు చేసిన సభ్యులు అందరినీ కూర్చోబెట్టి రికార్డరులో గడచిన ఏడు సాయంకాలాలు వెదికాము. అన్నీ ఉన్నాయి. శాంపిలు సీసాలు వరస తప్పలేదు. పాలు కలియబెట్టకుండా ఒక్క శాంపిలూ తీయలేదు. అందరికంటే గట్టిగా మాట్లాడిన పెద్దామె లేచి, "తొందరపడ్డాం నాయనా, ఏమీ అనుకోకు" అన్నది. టెస్టరు తల ఊపి, సాయంకాలపు పాల వేళ అవుతున్నదని సీసాలు కడగడానికి వెళ్ళాడు.

మరి నాలుగు రోజులు ఆలస్యమైతే డిస్కు తిరిగి, ఆ సాయంకాలాలు ఒకటొకటిగా చెరిగిపోయి ఉండేవి. అతను నిర్దోషి అని చూపడానికి మా దగ్గర ఏమీ మిగిలి ఉండేది కాదు. కెమెరా తప్పు చేసేవానిని పట్టుకోవడానికే కాదు, తప్పు చేయనివానిని నిలబెట్టడానికి కూడా. కావున ఫోనులో బొమ్మ ఆగిన పూట ముందు రికార్డరును చూడండి, తరువాత రూటరును, సిమ్‌ను చూడండి. ఇవన్నీ అయిన తరువాతనే మనిషి మాట ఎత్తండి.

— సహకార ఇన్‌స్పెక్టరు