ఒక్క అక్షరం తేడా: సికిల్ సెల్ వ్యాధి గురించి తెలుసుకుందాం

పినపాక, మణుగూరు, భద్రాచలం ప్రాంతాల గూడేలలో కొందరు పిల్లలు తరచూ కీళ్ళనొప్పులతో ఏడుస్తుంటారు. కళ్ళు పచ్చబడతాయి, రక్తం తగ్గిపోతుంది. "గాలి సోకింది" అనో, "దిష్టి తగిలింది" అనో పెద్దలు అనుకుంటారు. చాలా ఇళ్ళలో నింద తల్లిమీద పడుతుంది. ఇటువంటి బాధకు ముఖ్యమైన కారణాలలో ఒకటి సికిల్ సెల్ వ్యాధి. దీనినే కొడవలి కణ వ్యాధి అంటారు. మన ప్రాంతంలోని కోయ, కొండరెడ్డి కుటుంబాలలో ఇది కనిపిస్తుంది. అయితే ఇది ఒక్క గిరిజనులకే పరిమితమైన జబ్బు కాదు.

కాలేజీలో కణ జీవశాస్త్రం మొదలుపెట్టే విద్యార్థులకు ఈ జబ్బునే ఉదాహరణగా చూపించడం పరిపాటి. ఆ పాఠాన్ని మనమూ సులభంగా నేర్చుకుందాం.

కణం లోపల ఏముంది?

ఇల్లు ఇటుకలతో కట్టినట్లు మన శరీరం కణాలతో కట్టబడింది. దాదాపు ప్రతి కణం మధ్యలో డి.ఎన్.ఎ. అనే పొడవైన దారం ఉంటుంది. శరీరం ఏ మాంసకృత్తును ఎలా తయారుచేయాలో అందులో రాసి ఉంటుంది. ఆ రాతకు ఉన్నవి నాలుగే అక్షరాలు: ఎ, టి, జి, సి. ఒక మాంసకృత్తుకు సంబంధించిన రాతను జన్యువు అంటాము. ప్రతి జన్యువు మనకు రెండు ప్రతులుగా వస్తుంది. ఒకటి తండ్రి నుండి, ఒకటి తల్లి నుండి.

ఎర్ర రక్తకణాలలో హిమోగ్లోబిన్ అనే మాంసకృత్తు ఉంటుంది. ఊపిరితిత్తుల నుండి ప్రాణవాయువును ఒళ్ళంతా మోసుకుపోయేది ఇదే. దీనిలో నాలుగు గొలుసులు ఉంటాయి. అందులో రెండు బీటా గొలుసులు. ఒక్కొక్క బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు పూసల్లా గుచ్చి ఉంటాయి.

తేడా ఎక్కడ?

"పాలు తెచ్చాను" అనే మాటలో ఒక్క అక్షరం మారితే "పాము తెచ్చాను" అవుతుంది. ఇక్కడ జరిగేదీ అంతే. బీటా గొలుసు జన్యువులో ఒకచోట జి-ఎ-జి అని ఉండవలసింది జి-టి-జి అని ఉంటుంది. దానివల్ల ఆరవ పూస మారిపోతుంది. గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట వాలీన్ వచ్చి చేరుతుంది. మొదటిది నీటితో కలిసేది, రెండవది నూనెలాగా నీటికి దూరంగా జరిగేది. అందువల్ల ప్రాణవాయువును వదిలిపెట్టిన తరువాత ఈ హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవైన పుల్లల్లా పేరుకుంటాయి. గుండ్రంగా, మెత్తగా ఉండవలసిన కణం కొడవలిలా వంగి గట్టిపడుతుంది.

ఆ కణాలు సన్నని రక్తనాళాలలో ఇరుక్కుంటే అవతలి భాగానికి రక్తం అందదు. అదే ఆ భరించలేని నొప్పి. మామూలు ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. కొడవలి కణం 10 నుండి 20 రోజులలోనే చితికిపోతుంది. అందుకే రక్తహీనత, కామెర్లు వస్తాయి.

ఈ కణాలను 1910లో చికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ మొదట వర్ణించారు. లోపం హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని 1949లో లైనస్ పాలింగ్ బృందం చూపించింది. ఒక జబ్బుకు కారణాన్ని అణువు దాకా వెళ్ళి చూపించడం అదే మొదటిసారి. మన దేశంలో 1952లో నీలగిరి గిరిజనులలో దీనిని గుర్తించారు.

పిల్లలకు ఎలా వస్తుంది?

ఒక ప్రతి మాత్రమే మారినవారిని వాహకులు అంటాము. వీరు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. పైగా ప్రమాదకరమైన మలేరియా నుండి వీరికి కొంత రక్షణ ఉంటుంది. మలేరియా ఎక్కువగా ఉన్న అడవి ప్రాంతాలలో ఈ జన్యువు తరతరాలుగా నిలిచిపోవడానికి కారణం ఇదే.

భార్యాభర్తలిద్దరూ వాహకులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. వాహకులయ్యే అవకాశం సగం. ఏ తేడా లేకుండా పుట్టే అవకాశం నాలుగింట ఒక వంతు. అంటే జబ్బు ఉన్న బిడ్డకు తల్లి నుండి ఒక ప్రతి, తండ్రి నుండి ఒక ప్రతి అందాయి. కోడలిని నిందించడం అన్యాయం. మేనరికాలలో ఇద్దరూ వాహకులు కావడానికి అవకాశం ఎక్కువ. కనుక పెళ్ళిమాటలకు ముందే ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది.

జబ్బు ఉన్నవారు ఏమి చేయాలి?

* నీళ్ళు బాగా తాగాలి. తునికాకు కోతకు, మిరప చేలకు వెళ్ళేటప్పుడు నీళ్ళ సీసా మరువకండి.
* చలికాలంలో చన్నీళ్ళ స్నానం, వానలో తడవడం మానండి.
* డాక్టరు రాసిన ఫోలిక్ యాసిడ్ మాత్రలు వాడండి. 1940లలో ఈ విటమిన్ తయారీకి దారి చూపిన శాస్త్రవేత్తలలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.
* పరీక్ష లేకుండా ఐరన్ మాత్రలు మింగవద్దు. ఈ రక్తహీనత ఇనుము లోటువల్ల వచ్చేది కాదు.
* టీకాలన్నీ వేయించండి. దోమతెర వాడండి.
* జ్వరం, ఆయాసం, ఛాతీనొప్పి, కాలు చేయి పడిపోవడం, హఠాత్తుగా పాలిపోవడం, ఎడమవైపు పొట్ట ఉబ్బడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి రండి.

పుట్టిన కొత్తలో బిడ్డలో గర్భస్థ హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉండి కాపాడుతుంది. అది తగ్గాక, సుమారు ఆరు నెలల వయసు నుండి బాధలు మొదలవుతాయి. హైడ్రాక్సీయూరియా అనే మందు ఆ హిమోగ్లోబిన్‌ను మళ్ళీ పెంచి నొప్పులను తగ్గిస్తుంది. దీనిని డాక్టరు పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చేయించుకుంటూ వాడాలి. గర్భం దాల్చాలనుకునేవారు ముందుగానే డాక్టరుకు చెప్పాలి. జన్యువునే సవరించే చికిత్సకు 2023లో బ్రిటన్, అమెరికా అనుమతినిచ్చాయి. కాని దాని ఖర్చు సామాన్యులకు అందనిది.

కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది. గిరిజన ప్రాంతాలలో 40 ఏళ్ళలోపు వారికి పరీక్షలు చేయడం దీని ఉద్దేశం. మీ ఊరికి ఆశా కార్యకర్త వచ్చినప్పుడు వెనుకాడకండి. కొన్ని చుక్కల రక్తంతో మొదటి పరీక్ష అయిపోతుంది. అందులో తేడా కనిపిస్తే నిర్ధారణ కోసం మరొక పరీక్ష చేస్తారు. ఆ కాగితాన్ని భద్రంగా దాచుకుని, ఏ ఆసుపత్రికి వెళ్ళినా ముందుగా చూపించండి.