4.5 పలుచని పొరల్లో అయస్కాంత–విద్యుత్ యుగ్మనం

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• వోల్టేజితో అయస్కాంతీకరణ దిశను ఎలా మార్చవచ్చో వివరించగలుగుతారు.
• ఆధార పలక ఈ ప్రభావాన్ని ఎందుకు తగ్గిస్తుందో చెప్పగలుగుతారు.

4.5.1 పరిచయం

అయస్కాంత మెమొరీలో ఒక బిట్‌ను రాయడమంటే అయస్కాంతీకరణ దిశను మార్చడమే. సాధారణంగా ఇందుకు విద్యుత్ ప్రవాహం కావాలి. ప్రవాహం ఉన్నచోట జౌల్ ఉష్ణం రూపంలో శక్తి వృథా అవుతుంది. కెపాసిటర్‌కు ఇచ్చినట్లు వోల్టేజి మాత్రమే ఇచ్చి ఈ పని చేయగలిగితే ఆ నష్టం చాలా తగ్గుతుంది.

ఒకే పదార్థంలో ఈ రెండు గుణాలూ ఉంటే సరిపోదా అని మీరు అడగవచ్చు. 1960లో క్రోమియం ఆక్సైడ్‌లో విద్యుత్ క్షేత్రంతో అయస్కాంతీకరణం కలగడాన్ని ఆస్ట్రోవ్ గమనించాడు. కాని ఆ ప్రభావం చాలా స్వల్పం. పైగా బేరియం టైటనేట్ వంటి ఫెర్రోవిద్యుత్ పదార్థాల్లో టైటానియం అయాన్ డి-ఆర్బిటాళ్లు ఖాళీగా ఉంటాయి. అయస్కాంతత్వానికేమో అవి పాక్షికంగా నిండి ఉండాలి. అందువల్ల రెండు గుణాలూ ఒకేచోట బలంగా ఉండటం అరుదు.

4.5.2 వికృతి ద్వారా యుగ్మనం

1972లో వాన్ సుఖ్తెలెన్ వేరొక మార్గం సూచించాడు. రెండు పదార్థాలను గట్టిగా అతికిస్తే, ఏ ఒక్కదానిలోనూ లేని ధర్మం ఆ జంటకు వస్తుంది:

అయస్కాంత–విద్యుత్ ప్రభావం = (విద్యుత్ క్షేత్రం వల్ల వికృతి) × (వికృతి వల్ల అయస్కాంతీకరణంలో మార్పు)

ఇది లబ్ధం అని గుర్తుంచుకోండి. ఏ ఒక్క పదం సున్నా అయినా ఫలితం సున్నాయే.

ఉదాహరణ: గది ఉష్ణోగ్రత వద్ద బేరియం టైటనేట్ యూనిట్ సెల్ చతుష్కోణీయం. దాని ఒక అంచు 0.404 నానోమీటర్లు, మిగిలినవి 0.399 నానోమీటర్లు. అంటే తేడా సుమారు ఒక శాతం. ధ్రువణం పొడవైన అంచు వెంట ఉంటుంది. మొదట ధ్రువణం ఉపరితలంలోనే, దానికి సమాంతరంగా ఉందనుకోండి. లంబంగా క్షేత్రం ప్రయోగిస్తే అది నిటారుగా తిరుగుతుంది. అప్పుడు దీర్ఘచతురస్రంగా ఉన్న ఉపరితల జాలకం చతురస్రమవుతుంది. పైన అతికి ఉన్న కోబాల్ట్–ఇనుము పొర మీద అంతవరకు ఉన్న సాగుదల పోతుంది. ఈ మిశ్రమలోహంలో అయస్కాంతీకరణం సాగిన దిశలో నిలవడానికి ఇష్టపడుతుంది. ఆ సాగుదల పోగానే ఆ దిశకున్న ప్రాధాన్యం కూడా పోతుంది.

హెచ్చరిక: విద్యుత్ క్షేత్రమే నేరుగా అయస్కాంతాన్ని తిప్పిందని రాయకండి. లోహపు పొర లోపలికి ఆ క్షేత్రం చొరబడదు. అక్కడికి చేరేది వికృతి మాత్రమే.

4.5.3 ఆధార పలక బిగింపు

ఇప్పుడు ఫెర్రోవిద్యుత్ పదార్థం కూడా 100 నానోమీటర్ల పొరగా, 0.5 మిల్లీమీటర్ల పలకపై ఉందనుకోండి. పలక 5,000 రెట్లు మందం. పొర పక్కలకు సాగాలన్నా పలక సాగనివ్వదు. లబ్ధంలో మొదటి పదమే పడిపోతుంది.

దీనికి రెండు ఉపాయాలున్నాయి. ఒకటి, మందమైన ఫెర్రోవిద్యుత్ స్ఫటికాన్నే పలకగా వాడటం. రెండు, పొరలకు బదులు నిలువు స్తంభాలు పెంచడం. 2004లో బేరియం టైటనేట్‌లో కోబాల్ట్ ఫెర్రైట్ నానోస్తంభాలను ఇలాగే తయారుచేశారు. నిలువు దిశలో పలక పట్టు తక్కువ.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. బేరియం టైటనేట్ 120 డిగ్రీల సెల్సియస్ పైన ఘనాకృతి పొందుతుంది. 4.5.2లోని ఉదాహరణ 130 డిగ్రీల వద్ద పనిచేస్తుందా? (సూచన: అంచుల పొడవుల్లో తేడా ఎంత?)
2. రెండు పొరల మధ్య అతుకు వదులైతే ఏం జరుగుతుంది?