మనసు జబ్బుకు మందు – తెలుసుకుని వాడుదాం



జ్వరం వస్తే దవాఖానకు పోతాం. చెయ్యి విరిగితే కట్టు కట్టించుకుంటాం. మరి మనసుకు జబ్బు చేస్తే? చాలామంది ముందు మంత్రగాడి దగ్గరికి పోతారు. "గాలి సోకింది" అంటారు. "ఎవరో చేతబడి చేసిన్రు" అంటారు. తాయెత్తులకూ కోళ్ళకూ అప్పులు చేస్తారు. అప్పు పెరుగుతుంది. జబ్బూ పెరుగుతుంది.

ఈ జబ్బుకు మందు ఉంది. ఇంట్లో ఆ మందు ఇచ్చేది ఎక్కువగా ఆడవాళ్ళమే. కాబట్టి దాని సంగతి మనకు తెలియాలి.

ఇది ఏం జబ్బు?

ఎవరూ లేకున్నా మాటలు వినబడతాయి. తనలో తానే మాట్లాడుకుంటారు, నవ్వుకుంటారు. "అన్నంలో విషం కలిపిన్రు" అని ఇంట్లో వాళ్ళనే అనుమానిస్తారు. రాత్రిళ్ళు నిద్రపోరు. స్నానం చేయరు. ఇలాంటి జబ్బుల్లో ఒకదాన్ని డాక్టర్లు స్కిజోఫ్రీనియా అంటారు. ప్రపంచంలో సుమారు 300 మందిలో ఒకరికి ఇది ఉంది.

ఇది ఎవరి పాపమూ కాదు, ఎవరి శాపమూ కాదు. మన మెదడులో కబురు మోసే రసాయనాలు ఉంటాయి. వాటిలో ఒకటి డోపమైన్. దాని లెక్క తప్పితే లేని మాటలు వినబడతాయి. లేని భయాలు పుడతాయి. మందు ఆ లెక్కను అదుపులో పెడుతుంది.

ఇలాంటి మందును మొదట 1952లో ఫ్రాన్సు దేశంలో ఈ జబ్బుకు వాడారు. దాని పేరు క్లోర్‌ప్రోమజిన్. ఇప్పుడు రిస్పెరిడోన్, ఒలాంజపైన్, హాలోపెరిడాల్ వంటివి చాలా వచ్చాయి.

గొలుసు కాదు, గోలి కావాలి

తమిళనాడులో ఏర్వాడి అనే ఊరుంది. అక్కడ ఒకచోట మనసు జబ్బు ఉన్నవారిని గొలుసులతో కట్టి ఉంచారు. 2001 ఆగస్టు 6న మంటలు లేచాయి. కట్టు విడిపించుకోలేక 28 మంది చనిపోయారు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది.

షీటు మీద అంకెలు చదువుదాం

గోలీల షీటు మీద పేరు ఇంగ్లీషులో ఉంటుంది. భయపడొద్దు. అంకెలు మనకు వచ్చు కదా!

1. పేరు పక్కన ఉన్న అంకె చూడండి. రిస్పెరిడోన్‌లో 2 ఉంటుంది, 4 ఉంటుంది. 4 అంటే రెట్టింపు మందు. చుక్క కూడా చూడండి. 1.5 వేరు, 15 వేరు. చిట్టీ మీద ఉన్న అంకే షీటు మీద ఉండాలి.

2. చిట్టీలో 1-0-1 అని ఉంటే పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. 0-0-1 అంటే రాత్రి ఒక్కటే.

3. షీటు మీద రెండు తేదీలు ఉంటాయి. తయారైన తేదీ ఒకటి, గడువు తేదీ ఒకటి. తర్వాత వచ్చేదే గడువు. అది దాటితే వాడొద్దు.

4. "అన్నా, దీని పేరు తెలుగులో రాసియ్యి" అని మందుల షాపులో అడగండి. అడగడానికి సిగ్గు ఎందుకు?

గోలీలు పిల్లలకు అందకుండా పెట్టండి. ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వొద్దు.

మనకు వచ్చే అనుమానాలు

"మా వాడు మంచిగైండు. ఇగ గోలీలెందుకు?"

మంచిగైంది గోలీల వల్లనే. నిద్ర, ఆవేశం కొన్ని రోజుల్లో కుదుటపడతాయి. మాటలు వినబడడం తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. తగ్గిన తర్వాత కూడా ఏడాది, రెండేళ్ళు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం మందు కావాలి. మనంతట మనమే ఆపితే జబ్బు తిరగబెడుతుంది. తగ్గించాలన్నా, ఆపాలన్నా డాక్టరు కొద్దికొద్దిగా చేయాలి.

"ఒక పూట మర్చిపోతే?"

గుర్తుకు రాగానే వేయండి. ఇంకో పూటకు వేళైతే మరిచినది వదిలేయండి. రెండూ కలిపి వేయొద్దు. రెండు రోజులకు మించి ఆగితే డాక్టరును అడిగి మొదలుపెట్టండి.

"మింగనంటే అన్నంలో కలపొచ్చా?"

వద్దు. విషం కలిపారని ముందే అనుమానం. తెలిసిందంటే ఇక మన చేతి అన్నం ముట్టరు. ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి వేసే సూదులు ఉన్నాయి.

"పెండ్లి చేస్తే తగ్గుతదంటున్నరు..."

పెండ్లి మందు కాదు. జబ్బు దాచి, గోలీలు ఆపి పెండ్లి చేస్తే ఆడపిల్ల బతుకే ఆగమవుతుంది. కొన్ని గోలీలతో నెలసరి ఆగవచ్చు, రొమ్ముల్లో పాలు రావచ్చు. అది కడుపు కాకపోవచ్చు. పరీక్ష చేయించుకోండి. నిజంగా కడుపుతో ఉంటే గోలీలు ఒక్కసారి ఆపొద్దు. వెంటనే డాక్టరుకు చెప్పండి.

ఎండ, కల్లు – జాగ్రత్త!

మానుకోట మిరప చేన్లలో, జనగామ, భూపాలపల్లి పత్తి చేన్లలో మనం ఎండలో పని చేస్తాం. ఈ మందులు వాడేవారి ఒళ్ళు వేడిని తట్టుకోలేదు. వడదెబ్బ తొందరగా తగులుతుంది. ఎండాకాలం పొద్దున్నే పని ముగించాలి. తలకు బట్ట కట్టాలి. దాహం లేకున్నా నీళ్ళు తాగుతూ ఉండాలి.

గోలీలు వేసుకుని కల్లు, సారా తాగితే మత్తు ఎక్కువవుతుంది. తెలంగాణలో కల్లులో మత్తు మందులు కలిపిన సంగతి ఎన్నోసార్లు బయటపడింది. అలాంటి కల్లు రోజూ తాగేవారు ఒక్కసారి మానినా మతి తప్పినట్టు అవుతుంది. తాగే అలవాటును డాక్టరు దగ్గర దాచొద్దు.

ఏ ఇబ్బందులు వస్తాయి?

మగత, నోరు ఎండడం, చేతులు వణకడం, కూర్చున్నచోట కూర్చోలేకపోవడం రావచ్చు. వీటికి మందు మార్చవచ్చు, తగ్గించవచ్చు. డాక్టరుకు చెప్పండి. పడుకుని లేచేటప్పుడు మెల్లగా లేవాలి. కొందరికి బరువు, షుగరు పెరుగుతాయి. అప్పుడప్పుడు పరీక్షలు చేయించండి. క్లోజపైన్ వాడేవారికి రక్తపరీక్ష తప్పనిసరి.

వెంటనే దవాఖానకు పోవలసిన గుర్తులు ఇవి:

– మెడ ఒక పక్కకు తిరిగిపోవడం, కనుగుడ్లు పైకి పోవడం. దీన్ని చూసి "దయ్యం పట్టింది" అనుకుంటారు. దయ్యం కాదు, మందు వల్ల వచ్చింది. ఒక్క సూదితో తగ్గుతుంది.

– ఒళ్ళు కాలే జ్వరం, ఒళ్ళు కట్టెలా బిగుసుకోవడం, మనిషి తెలివిలో లేకపోవడం. ఇది ప్రాణం మీదికి వస్తుంది. 108కి ఫోన్ చేయండి.

– క్లోజపైన్ వాడేవారికి జ్వరం, గొంతునొప్పి.

– "చచ్చిపోతా" అనడం. ఒంటరిగా వదలొద్దు. గోలీలు, పురుగుల మందు అందకుండా దాచండి.

ఎక్కడికి పోవాలి?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016లో జిల్లాలు అయ్యాయి. మూడింటిలోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మహబూబాబాద్‌లో 2022లో, మిగతా రెండుచోట్ల 2023లో మొదలయ్యాయి. వరంగల్ ఎం.జి.ఎం. దవాఖానలో మనసు జబ్బుల విభాగం ఉంది. హైదరాబాదు ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. పేదలకు సర్కారు దవాఖానల్లో ఈ వైద్యం ఉచితంగా అందాలని 2017 చట్టం చెబుతోంది. అది మన హక్కు.

14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. దాని పేరు టెలి మానస్. 2022లో మొదలైంది. పైసా ఖర్చు లేదు. రాత్రి, పగలు ఎప్పుడైనా చేయవచ్చు. ఈ నంబరును ఇంటి గోడ మీద రాసిపెట్టండి.

చదివాం కదా, ఇప్పుడు చెప్పండి

1. మీ ఇంట్లో ఉన్న ఏదైనా గోలీల షీటు తీయండి. గడువు తేదీ ఎంత?

2. చిట్టీలో 1-0-1 అంటే ఏమిటి?

3. మంచిగయ్యాక కూడా గోలీలు ఎందుకు వేసుకోవాలి?

4. మీ ఊళ్ళో మనసు జబ్బుతో ఇంట్లోనే ఉండిపోయినవారు ఉన్నారా? వారి ఇంటివాళ్ళతో ఎవరు మాట్లాడతారు? సంఘంలో కూర్చుని అనుకోండి.