ఓడ ఫిరంగి – గుండు బరువు లెక్క

విశాఖ బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని మనలో చాలామంది చూసే ఉంటారు. దాని ఆయుధం టార్పెడో. కానీ 20వ శతాబ్దం ఆరంభంలో యుద్ధనౌక బలమంతా ఫిరంగుల్లోనే ఉండేది. ఆ బలం వెనుక మన లెక్కల పుస్తకంలోని ఒక సూత్రం ఉంది. అదేమిటో తెలుసుకుందాం.

1914లో మన కోటవురట్ల ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ ఏడాది సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ యుద్ధనౌక ‘ఎమ్డెన్’ మద్రాసు తీరానికి వచ్చి, బర్మా ఆయిల్ కంపెనీ చమురు ట్యాంకులపై సుమారు 125 గుండ్లు పేల్చింది. ట్యాంకులు తగలబడ్డాయి. జనం భయపడి ఊరు విడిచి వెళ్లారు. ఇంత భయపెట్టిన ఆ ఫిరంగి గొట్టం లోపలి వ్యాసం 10.5 సెంటీమీటర్లే! గుండు బరువు సుమారు 17 కిలోలు. ఓడ ఫిరంగుల్లో అది చిన్న రకం.

అదే ఏడాది నవంబరు 9న కోకోస్ దీవుల వద్ద ఎమ్డెన్‌కు ఆస్ట్రేలియా నౌక ‘సిడ్నీ’ ఎదురైంది. రెండు నౌకలూ ఒక పక్కకు ఐదేసి ఫిరంగులు పేల్చగలవు. అయితే సిడ్నీ ఫిరంగుల వ్యాసం 6 అంగుళాలు, అంటే సుమారు 15 సెంటీమీటర్లు. గుండు బరువు 45 కిలోలు. మొదట గురి తగిలింది ఎమ్డెన్‌దే. కానీ వేగం ఎక్కువగా ఉన్న సిడ్నీ దూరం జరిగి, అక్కడి నుంచే పెద్ద గుండ్లు కురిపించింది. ఎమ్డెన్ పక్షాన 130 మందికి పైగా, సిడ్నీ పక్షాన నలుగురు చనిపోయారు.

వ్యాసం ఒకటిన్నర రెట్లు కూడా పెరగలేదు. బరువు మాత్రం రెండున్నర రెట్లు దాటింది. ఎందుకు? గుండు లావుతోపాటు పొడవూ పెరుగుతుంది. కాబట్టి ఘనపరిమాణం వ్యాసం ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. వ్యాసం రెట్టింపైతే బరువు సుమారు 2×2×2, అంటే 8 రెట్లు. 1906లో బ్రిటన్ తయారుచేసిన ‘డ్రెడ్‌నాట్’ నౌకకు 12 అంగుళాల ఫిరంగులు పది ఉండేవి. లెక్క ప్రకారం గుండు 45×8=360 కిలోలు ఉండాలి. నిజంగా ఉన్నది సుమారు 385 కిలోలు. లెక్క ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి!

గొట్టం లోపల మరలాంటి గాడులు ఉంటాయి. వాటివల్ల గుండు బొంగరంలా తిరుగుతూ, దారి తప్పకుండా పోతుంది. న్యూటన్ మూడో సూత్రం ప్రకారం పేలిన ఫిరంగి వెనక్కి తంతుంది. ఆ తాకిడిని ద్రవం నింపిన సిలిండర్లు ఆపుతాయి.

ఈ పోటీకి విమానం అడ్డుకట్ట వేసింది. 1941 డిసెంబరు 10న మలయా సముద్రంలో భారీ ఫిరంగులున్న రెండు బ్రిటిష్ నౌకలను జపాన్ విమానాలు ముంచేశాయి. 1942 ఏప్రిల్ 6న మన విశాఖ మీద పడినవి కూడా ఓడ ఫిరంగి గుండ్లు కావు, విమానాల బాంబులే. ఆయుధం మారినా, కింద ఉన్న మనిషి ప్రాణానికి ముప్పు మాత్రం మారలేదు.