పిల్లి దూకింది, డ్రెస్సర్ పడింది
(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగ పాఠం)

ఆదివారం పొద్దున్నే ఇడ్లీలు వాయ వేస్తూనో, పిల్లల్ని తెలుగు బడికి దింపుతూ కారులోనో వింటూ ఉంటారు. ఇంటి సంగతులు ఏవైనా ఓ పది నిమిషాలు మాట్లాడమన్నారు నన్ను. ఇంటి సంగతులంటే ఏ కొత్తరకం పచ్చడో చెబుతాననుకునేరు. ఇవాళ నేను చెప్పబోయేది గోడకి స్క్రూ బిగించడం గురించి. నవ్వకండి. అంతా విన్నాక మీరు కూడా స్క్రూడ్రైవర్ వెతుక్కుంటారని నా నమ్మకం.

మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర. నేను, మా వారు, ఇద్దరు పిల్లలు, రెండు పిల్లులు. పిల్లులు మా వాడి పోరు పడలేక తెచ్చుకున్నవి. తెల్లదాని పేరు జున్ను, నల్లదాని పేరు బొగ్గు. పిల్లి ఎదురొస్తే ప్రయాణం మానుకోవాలని మా అత్తయ్యగారి పట్టింపు. ఆ లెక్కన మేము వంటింట్లోంచి హాల్లోకి కూడా రాలేం.

ఇక మా వారి సంగతి. వారమంతా కంప్యూటర్ ముందు కూర్చునే మనిషికి శనివారం వచ్చేసరికి చేతులు దురద పెడతాయి. గరాజ్ సేల్‌లో ఎవరో వదిలించుకునే పాత కుర్చీనో బల్లనో తెచ్చి, గీకి, రంగు వేసి, "చూడవోయ్, కొత్తదానిలా లేదూ?" అంటారు. అలా 2021లో ఇరవై డాలర్లకి ఓ డ్రెస్సర్ తెచ్చారు. ఆరు సొరుగులు, నాలుగడుగుల ఎత్తు. దానికి తెల్లరంగు కొట్టి పాప గదిలో పెట్టారు. దాని మీద నేను మా అమ్మ ఇచ్చిన కొండపల్లి అంబారీ ఏనుగు పెట్టాను. పాపకి అందకుండా ఎత్తు మీద పెట్టానని నా తెలివికి నేనే మురిసిపోయాను.

2024 అక్టోబరులో ఓ శనివారం. ఇండియా నుంచి మావయ్యగారు, అత్తయ్యగారు వచ్చి ఉన్నారు. డెలావేర్ అండ్ రారిటన్ కాలవ గట్టుకి వెళ్దామని అనుకున్నాం. 1834లో తెరిచిన కాలవ అది. ఇప్పుడు పడవలు సరుకులు మోయవు గాని, గట్టు వెంట నడవడానికి మంచి దారి ఉంది. ఆకులు రంగులు మారే రోజులు. నేను కింద పులిహోర కలుపుతున్నాను. పైన పాప ఆడుకుంటోంది. అప్పటికి దానికి మూడేళ్ళు.

"బూట్లు వేసుకుందువుగాని రావే" అని కేకేశాను. అదృష్టం బాగుండి, ఆ ఒక్కసారికి మాట విని దిగి వచ్చింది. ఒక బూటు వేశాను, రెండోది చేతిలో ఉంది. పైన దభేలుమని శబ్దం. ఇల్లంతా అదిరింది.

పరుగెత్తి చూస్తే డ్రెస్సర్ బోర్లా పడి ఉంది. జున్ను, బొగ్గు మంచం కింద నక్కి ఉన్నాయి, నాలుగు కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. అంబారీ ఏనుగు తొండం విరిగి గది మూలకి వెళ్ళి పడింది. ఏం జరిగిందో పాపే చెప్పింది, కథ చెప్పినట్టు. బొగ్గు ఏనుగు పక్కన కూర్చుందట. ఆ రెండింటినీ అందుకోవాలని ఇది కింది సొరుగులు ఒక్కొక్కటే లాగి మెట్లు చేసుకుందట. నేను పిలిచేసరికి వాటిని అలాగే వదిలేసి వచ్చింది. తరవాత జున్ను తెరిచిన సొరుగులోకి దూకి ఉంటుంది. దాని బరువు ఐదు కిలోలు. పాప బరువు పద్నాలుగు.

ఆ లెక్క మీరే వేసుకోండి. ఆ రోజు నేను వేసుకున్నాను. ఆ తరవాత పులిహోర ఎవరం తినలేదు.

మావయ్యగారు తెనాలిలో ముప్ఫై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పిన మాస్టారు. సాయంత్రం దాకా ఏమీ మాట్లాడలేదు. దీపం పెట్టే వేళకి దేవుడి దగ్గర ఖాళీ అగ్గిపెట్టెలు నాలుగు తీసుకుని, ఒకదాని మీద ఒకటి జిగురుతో అంటించి మా వాణ్ణి పిలిచారు. "ఇది మీ చెల్లెలి డ్రెస్సర్ అనుకో" అన్నారు. ఒక్కో పెట్టె లోపలి అరని సగం దాకా లాగించారు. నిలబడే ఉంది. "ఇప్పుడు పై అరలో ఓ క్వార్టర్ పెట్టు నాన్నా" అన్నారు. పెట్టగానే ముందుకి బోర్లా పడింది. అంతే పాఠం.

ఏ వస్తువైనా దాని బరువంతా ఒకచోట కేంద్రీకరించి ఉన్నట్టు లెక్క. ఆ చోటు నుంచి కిందికి గీసిన గీత, వస్తువు కాళ్ళ మధ్య పడినంతకాలం అది నిలబడుతుంది. సొరుగు లాగిన కొద్దీ ఆ గీత ముందు కాళ్ళ వైపు జరుగుతుంది. సొరుగు నిండా బట్టలుంటే మరీ జరుగుతుంది. ఒక సొరుగుకి పడని డ్రెస్సర్, మూడు లాగితే అంచు మీద ఉంటుంది. దాని మీద పిల్లో, పిల్లిదో బరువు పడితే అయిపోయింది. పైగా మన పడక గదుల్లో కార్పెట్లు. గోడ వారగా కార్పెట్ కింద దాన్ని బిగించే చెక్కపట్టీ ఉంటుంది. దాని మీద వెనక కాళ్ళు కాస్త ఎత్తున నిలుస్తాయి, ముందు కాళ్ళు మెత్తటి చోట దిగుతాయి. అంటే మనం కొన్ననాడే అది ముందుకి వాలి ఉందన్నమాట.

ఇది మా ఒక్కరి ఇంటి కథ కాదు. పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనల తరవాత, 2016 జూన్‌లో ఒక పెద్ద కంపెనీ అమెరికాలో దాదాపు 2 కోట్ల 90 లక్షల డ్రెస్సర్లను వెనక్కి తీసుకుంటామని ప్రకటించింది. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి చట్టం తెప్పించారు. దాని పేరు స్టర్డీ చట్టం, 2022 డిసెంబరులో వచ్చింది. దాని ప్రకారం 2023 సెప్టెంబరు 1 తరవాత తయారైన బట్టల డ్రెస్సర్లు కొన్ని పరీక్షలకి నిలబడాలి. సొరుగులు తెరిచి ఉన్నా, కింద కార్పెట్ ఉన్నా, 60 పౌన్ల దాకా బరువున్న పిల్లలు ఎక్కినా పడకూడదు. బాగానే ఉంది. కాని మా గరాజ్ సేల్ డ్రెస్సర్ అంతకు ముందుది. మీ ఇంట్లోవి ఎప్పటివి? పుస్తకాల అలమరాలకైతే ఆ చట్టం వర్తించనే వర్తించదు. కొత్తదైనా పాతదైనా గోడకి కట్టుకోవడమే క్షేమం.

సరే, కడదామని మర్నాడే సుత్తి పట్టుకున్నాం. మన ఊళ్ళో ఇటుక గోడకి మేకు కొట్టాలంటే నాలుగు మేకులు వంగాలి, ఓ వేలు నలగాలి. ఇక్కడ రెండు దెబ్బలకే మేకు అప్పడంలోకి దిగినట్టు దిగిపోయింది. మావయ్యగారు వేలితో లాగితే పొడితో సహా బయటికి వచ్చేసింది. "ఇదేం గోడ్రా, అట్టపెట్టెలా ఉంది!" అన్నారు.

నిజమే. ఇక్కడి లోపలి గోడ మనకి కనిపించేది అరంగుళం మందం డ్రైవాల్ మాత్రమే. దాని వెనక అంతా డొల్ల. బరువు మోసేవి లోపల నిలువుగా ఉండే చెక్కలు, వాటినే స్టడ్లంటారు. సాధారణంగా ఒకదాని మధ్య నుంచి ఇంకోదాని మధ్యకి 16 అంగుళాలు, కొన్ని ఇళ్ళల్లో 24. వాటిని టూ బై ఫోర్ అంటారు గాని, కొలిస్తే ఒకటిన్నర, మూడున్నర అంగుళాలే ఉంటాయి. ఆరబెట్టి, చిత్రిక పట్టాక మిగిలేది అంతే. పేరు మాత్రం పాతదే ఉండిపోయింది. మనకి దొరకాల్సింది ఆ ఒకటిన్నర అంగుళం.

ఎలా దొరుకుతుందంటారా? స్టడ్ ఫైండర్ అని పరికరం అమ్ముతారు. అది లేకపోతే ఫ్రిజ్ మీది అయస్కాంతం గోడ మీద నెమ్మదిగా జరపండి. డ్రైవాల్‌ని చెక్కకి బిగించిన స్క్రూ దగ్గర టక్కున పట్టుకుంటుంది. దానికి పైనా కిందా ఇంకో రెండు చోట్ల కూడా పట్టుకుంటే అక్కడ నిలువునా చెక్క ఉన్నట్టే. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. స్విచ్చులకీ ప్లగ్ పాయింట్లకీ సరిగ్గా పైనా కిందా మాత్రం డ్రిల్ పెట్టకండి, లోపల వైర్లుంటాయి.

బిగించే కిట్లు హార్డ్‌వేర్ షాపులో తక్కువ ధరకే దొరుకుతాయి. ప్లాస్టిక్‌వి ఏళ్ళు గడిస్తే పెళుసెక్కుతాయి, లోహపువి తీసుకోండి. ఒక కొస డ్రెస్సర్ వెనక గట్టి చెక్క చట్రానికి బిగించాలి. వెనక ఉండే పల్చటి అట్టకి కాదు, అది చిరిగి వస్తుంది. రెండో కొస గోడలోని స్టడ్‌కి, రెండంగుళాల స్క్రూతో. ఒకటి కాదు, రెండు చోట్ల. పట్టీ వదులుగా వేలాడకూడదు. తరవాత బరువైన బట్టలు కింది సొరుగుల్లోకి మార్చండి. పిల్లల మనసు లాగే వస్తువేదీ పైన పెట్టకండి. నేను చేసిన తెలివితక్కువ పని అదే.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి గోడలు చాలావరకు మన ఊళ్ళోలాగే కాంక్రీటువే. అక్కడ హామర్ డ్రిల్‌తో రంధ్రం చేసి, ప్లాస్టిక్ ప్లగ్ దిగగొట్టి స్క్రూ బిగించాలి. అద్దె ఇల్లయితే యజమానికి ఒక మాట చెప్పండి. ఖాళీ చేసేటప్పుడు ఆ రంధ్రంలో కాస్త పుట్టీ మెత్తి రంగు అద్దితే సరి.

ఇక మిగిలింది పిల్లుల సంగతి. "వీటిని ఎవరికైనా ఇచ్చేయండి" అన్నారు అత్తయ్యగారు. మా వాడు ఒకటే ఏడుపు. ఇంకో ఇంటి స్నేహితురాలు గోళ్ళు తీయించేయమని సలహా ఇచ్చింది. దయచేసి ఆ పని చేయకండి. అది గోళ్ళు కత్తిరించడం కాదు, వేలి చివరి కణుపు ఎముకతో సహా కోసేయడం. ఇంగ్లండులో అది నిషిద్ధం. న్యూయార్క్ రాష్ట్రం 2019లో నిషేధించింది.

పిల్లి ఎత్తు ఎక్కేది అల్లరికి కాదు. పైనుంచి అన్నీ కనబడుతుంటే దానికి ధైర్యం. సోఫా గీరేది మన మీద పగతో కాదు. పాత గోటి పైపొర రాల్చుకోవాలి, ఒళ్ళు విరుచుకోవాలి, పాదాల్లోని వాసన అక్కడ వదిలి ఇది నా చోటు అని చెప్పుకోవాలి. వద్దంటే మానదు. దానికంటూ ఓ చోటిస్తే మారుతుంది.

అందుకని ఆ తరవాతి రెండు శనివారాలు తండ్రీ కొడుకూ మనవడూ గరాజ్‌లోనే గడిపారు. మంచి లావుపాటి చెక్క స్తంభం ఒకటి, దానికి వెడల్పాటి పీట, చుట్టూ సీసల్ నార తాడు. పిల్లి ముందుకాళ్ళు చాచి పూర్తిగా ఒళ్ళు విరుచుకోవాలి కనక మూడడుగుల దాకా తాడు చుట్టారు. పైన రెండు అరలు. మొదట చేసింది ఊగింది. జున్ను ఒకసారి కాలు వేసి చూసి, మళ్ళీ దాని వంక చూడలేదు. కదిలేదాన్ని పిల్లి నమ్మదట. పీట ఇంకా వెడల్పు చేసి, దాన్ని కూడా గోడకి బిగించాక బొగ్గు పై అర ఎక్కి కూర్చుంది. ఇప్పటికీ అదే దాని సింహాసనం. సోఫా మాత్రం పూర్తిగా దక్కిందని చెప్పను, సగం దక్కింది.

చివరిగా ఒక్క మాట. ఇది మీకు చెప్పాలనే వచ్చాను. మన వారాంతాలు ఎలా గడుస్తాయో మీకు తెలుసు. బ్రిడ్జ్‌వాటర్ గుడి, ఓక్ ట్రీ రోడ్డులో కూరగాయలు, సాయంత్రం ఎవరింట్లోనో పాట్‌లక్. వెళ్ళగానే ఏం చేస్తాం? "పైకి వెళ్ళి ఆడుకోండర్రా" అని పిల్లల్ని పంపేస్తాం. పది కుటుంబాల పిల్లలు, ఒక్క పడక గది, తలుపు మూసి ఉంటుంది. కింద మనం బిర్యానీ బాగుందనుకుంటూ ఉంటాం. ఆ గదిలో డ్రెస్సర్ గోడకి బిగించి ఉందో లేదో మనం ఎప్పుడైనా అడిగామా? మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు, మాకెందుకు అనుకునేవాళ్ళ ఇళ్ళకి కూడా శనివారం సాయంత్రం పిల్లలు వస్తారు.

నేనిప్పుడు అడుగుతున్నాను. మొదట్లో మొహమాటంగానే ఉండేది. పిల్లి మెడలో గంట ఎవరో ఒకరు కట్టాలి కదా. ఎవరూ తప్పుగా అనుకోలేదు. మా వారైతే పాట్‌లక్‌కి పులిహోర గిన్నెతో పాటు డ్రిల్ కూడా కారులో పెడుతున్నారు. ఇప్పటికి ఏడిళ్ళల్లో బిగించారు, ఒక్కో ఇంటికి అరగంట కూడా పట్టలేదు.

ఆ కాలవ గట్టుకి రెండు వారాల తరవాత వెళ్ళాం. అప్పటికి ఆకులు చాలావరకు రాలిపోయాయి. పాప మావయ్యగారి భుజాల మీద కూర్చుని అంతా చూసింది. అంబారీ ఏనుగుకి తొండం అతికించాం. కొండపల్లి బొమ్మలు పొణికి కర్రతో చేస్తారు, తేలికగా ఉంటుంది, జిగురు బాగానే పట్టింది. అది ఇప్పుడు అన్నిటికన్నా కింది అరలో ఉంది. పాపకి చక్కగా అందుతుంది.

ఈ ప్రసంగం అవగానే మీ ఇంట్లో డ్రెస్సర్ పై సొరుగు లాగి, ఒక్కసారి చేత్తో కిందికి నొక్కి చూడండి. నెమ్మదిగా సుమా, పక్కన పిల్లలు లేకుండా. వెనక కాళ్ళు లేచాయంటే, వచ్చే శనివారం మీ పనేమిటో తెలిసిపోయినట్టే.