ముప్పై ఆరుగురికి ఒక ఓడ

మా ఇంట్లో రెండు భాషలు నడుస్తాయి. పప్పా వాళ్లది మరాఠీ, అమ్మ వాళ్లది పెద్దపల్లి వైపు తెలుగు. మొన్న సెలవుల్లో నేనూ ఆజీ కలిసి ఫోన్‌లో గంగా విలాస్ అనే ఓడ వీడియో చూస్తున్నాం. ఆజీ "ఏవఢీశీ బోట్?" అంది. ఇంతేనా పడవ, దీనికి అంత పైసలు ఎందుకు అని ఆమె సందేహం. అదే టైమ్‌కు అమ్మమ్మ ఇంటి నుంచి మామయ్య వచ్చి ఉన్నాడు. ఆయన ఓడ వైపు చూడలేదు, నన్ను చూసి అడిగాడు: "బి.ఏ. చదివి ఏం జేస్తవ్ బిడ్డా? నర్సింగ్ల చేరితే ఏదన్న నౌకరన్న దొరుకు గదా."

ఆ రెండు ప్రశ్నలకూ ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఆ ఓడ గురించి, అలాంటి ఇతర ఓడల గురించి చదువుతూ పోతే రెండింటికీ ఒకేచోట కొంత జవాబు దొరికింది. అదే మన గోడపత్రికలో మీతో పంచుకుంటున్నాను.

ఎక్స్‌పెడిషన్ క్రూజ్ అంటే ఏమిటి?

క్రూజ్ అనగానే మనకు సినిమాల్లో చూపించే పెద్ద ఓడలు గుర్తొస్తాయి. అవి నీళ్ల మీద తిరిగే ఊళ్లు. 2024లో మొదలైన ఐకాన్ ఆఫ్ ది సీస్ అనే ఓడలో ఏడు వేల మందికి పైగా ప్రయాణికులు పడతారు. అందులో వాటర్ పార్కు, దుకాణాలు, థియేటర్ అన్నీ ఉంటాయి. ఓడ ఎక్కడికి పోతోందనేది పెద్ద విషయం కాదు, ఓడే చూడాల్సిన చోటు.

ఎక్స్‌పెడిషన్ క్రూజ్ దీనికి పూర్తిగా తిరగేసిన లెక్క. మామూలు ఓడలు పోలేని చోటికి కొద్దిమందిని తీసుకుపోవడం దీని పని. స్వీడన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన లార్స్ ఎరిక్ లిండ్‌బ్లాడ్ 1966లో మామూలు యాత్రికులను అంటార్కిటికాకు తీసుకెళ్లాడు. అప్పటిదాకా అక్కడికి పోయినవాళ్లు ఎక్కువగా శాస్త్రవేత్తలు, నావికులు, వేటగాళ్లు. తర్వాత 1969లో లిండ్‌బ్లాడ్ ఎక్స్‌ప్లోరర్ అనే ఓడ ఫిన్లండ్‌లో తయారైంది. ఎర్రరంగు ఓడ, ప్రయాణికులు సుమారు వంద మంది, మంచును తట్టుకునేలా గట్టిగా కట్టిన అడుగుభాగం. ఈ తరహా ఓడలన్నింటికీ దాన్నే పెద్దక్క అనుకోవచ్చు.

ఇవి చిన్నగా ఉండటానికి పైసలు మిగలాలనేది కారణం కాదు. లోతు తక్కువ ఉన్న చోట పెద్ద ఓడ అడుగు నేలకు తగులుతుంది. ఇంకో కారణం నియమాలు. అంటార్కిటికాలో యాత్రలు నడిపే సంస్థలు కొన్ని 1991లో ఒక సంఘంగా ఏర్పడ్డాయి. ఒక చోట ఒకేసారి వంద మందికి మించి ఒడ్డున దిగకూడదు, ఐదు వందల మంది కంటే ఎక్కువ ప్రయాణికులున్న ఓడ అసలు మనుషులను దింపకూడదు అని అక్కడి నియమం. పెంగ్విన్లు గుడ్లు పెట్టే చోట జాతర చేయకూడదు కదా.

గంగా విలాస్ లోపల

మన దేశంలో దీనికి దగ్గరి ఉదాహరణ గంగా విలాస్. ఇది సముద్రపు ఓడ కాదు, నది ఓడ. 2023 జనవరి 13న వారణాసిలో బయల్దేరి, గంగ మీదుగా బెంగాల్ చేరి, బంగ్లాదేశ్ దాటి, బ్రహ్మపుత్రలో పైకి పోయి ఫిబ్రవరి 28న అస్సాంలోని దిబ్రూగఢ్ చేరింది. మొత్తం దారి సుమారు 3,200 కిలోమీటర్లు. యాత్ర 51 రోజులని ప్రకటించారు. మొదటి యాత్రలో 32 మంది స్విట్జర్లండ్ వాళ్లు ఉన్నారు.

ఓడ పొడవు సుమారు 62 మీటర్లు, వెడల్పు 12 మీటర్లు. మూడు డెక్కులు, 18 గదులు, గదికి ఇద్దరు చొప్పున 36 మంది. అన్నింటికంటే నాకు నచ్చిన అంకె 1.4 మీటర్లు. ఓడ నీళ్లలో మునిగి ఉండే లోతు అంతే. అంటే నాలుగున్నర అడుగులు, నేను నిలబడితే దాదాపు నా భుజాల దాకా! చలికాలంలో గంగలో నీళ్లు తగ్గుతాయి, ఇసుక మేటలు చోటు మారుతుంటాయి. అందుకే మూడంతస్తుల మేడను ఒక పళ్లెం మీద పెట్టినట్టు కట్టారు.

అయినా బీహార్‌లో ఛప్రా దగ్గర ఓడ ఇరుక్కుపోయిందని వార్తలొచ్చాయి. అధికారులు కాదన్నారు. ఓడను లోతున్న చోట ఆపి యాత్రికులను చిన్న పడవల్లో ఒడ్డుకు తీసుకెళ్లామని చెప్పారు. ఇందులో మనకు తెలియాల్సింది ఒకటుంది. ఇలాంటి ఓడలో చిన్న పడవే అసలు సౌకర్యం. అంటార్కిటికా ఓడల్లో వీటిని జోడియాక్ అంటారు. గాలి నింపిన గట్టి రబ్బరు పడవ, వెనక మోటారు, పది మంది దాకా కూర్చోవచ్చు. ఓడ దూరంగా ఆగుతుంది, మనుషులు దీంట్లో ఒడ్డుకు పోతారు. రేవు అక్కర్లేదు.

ఇక గంగా విలాస్‌లో గదికి నది వైపు తెరుచుకునే పెద్ద కిటికీ తలుపులు, స్నానాల గది, టీవీ, భోజనాల హాలు, స్పా, జిమ్, పైన ఎండలో కూర్చునే డెక్ ఉన్నాయి. ఇవి మంచి హోటల్లో కూడా ఉంటాయి కాబట్టి ఎక్కువ చెప్పను. హోటల్లో మనం పట్టించుకోనివి రెండున్నాయి: నీళ్లు, మురికి. గంగా విలాస్‌లో మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు ఓడలోనే ఉంది. సముద్రం మీద పోయే ఓడలు ఉప్పునీటిని తాగునీరుగా మార్చుకుంటాయి. మన ఇళ్లల్లో ఉండే ఆర్వో లాంటిదే, కాకపోతే చాలా పెద్దది. ముప్పై ఆరుగురు వాడిన నీళ్లను శుభ్రం చేయడానికి ఓడలో ఏర్పాటు ఉంది. మా వీధి కాలువకు ఆ ఏర్పాటు ఎప్పుడొస్తుందో అని అమ్మ అడిగింది.

అంటార్కిటికా ఓడల్లో ఇంకో వింత గది ఉంటుంది. మనం గుడి బయట చెప్పులు విడిచి కాళ్లు కడుక్కుంటాం చూడండి, అలాంటిదే బూట్ల గది. దిగేముందు, ఎక్కేటప్పుడు బూట్లను మందునీళ్లలో ముంచి కడగాలి. బట్టల మడతల్లో గడ్డి గింజ కూడా ఉండకూడదు. ఒక గింజ అక్కడ మొలిస్తే ఆ నేల స్వభావమే మారిపోవచ్చు.

లెక్చర్ హాలు

ఇప్పుడు మామయ్య ప్రశ్న దగ్గరికి వస్తాను.

ఎక్స్‌పెడిషన్ ఓడలో తప్పకుండా ఉండేది ఒక లెక్చర్ హాలు. పక్షుల గురించి తెలిసినవాళ్లు, రాళ్ల గురించి తెలిసినవాళ్లు, చరిత్రకారులు, ఫొటోగ్రాఫర్లు ఓడతోపాటే ప్రయాణిస్తారు. సాయంత్రం అందరూ కూర్చుంటే ఇవాళ చూసింది ఏమిటి, రేపు చూడబోయేది ఏమిటి అని వాళ్లు చెప్తారు. యాత్రికులు లక్షలు ఇచ్చి రోజూ క్లాసుకు వస్తారన్నమాట! మనం ఫస్ట్ అవర్ ఎగ్గొడతాం.

ఛప్రా సంగతే చూడండి. అక్కడ యాత్రికులు చూడటానికి వెళ్లింది చిరాంద్. అది కొత్త రాతియుగం నాటి చోటు. ఎముకలతో చేసిన పనిముట్లు అక్కడి తవ్వకాల్లో చాలా దొరికాయి. వివరం చెప్పేవాళ్లు లేకపోతే అది ఒక మట్టిదిబ్బ. చెప్పేవాళ్లు ఉంటే నాలుగు వేల ఏళ్ల కిందటి ఇల్లు. దిబ్బ అదే, మధ్యలో ఉన్నది ఒక మనిషి చదువు.

గంగా విలాస్ లోపలి అలంకరణ ఎవరు చేశారో చూసినప్పుడు నేను ఆగిపోయాను. అన్నపూర్ణ గరిమెళ్ల. ఆమె కళాచరిత్రకారిణి. గరిమెళ్ల అనే ఇంటిపేరు తెలుగు సాహిత్యం చదివే మనకు కొత్త కాదు. ఓడ కట్టడానికి ఇంజనీర్లు కావాలి, అది నిజమే. ఆ గోడల మీద ఏ రంగు, ఏ బట్ట, ఏ బొమ్మ ఉంటే ఈ దేశం కనిపిస్తుందో తేల్చడానికి ఆర్ట్స్ చదివిన మనిషి కావాల్సి వచ్చింది.

ఇంకో పని కూడా ఉంది. స్విట్జర్లండ్ నుంచి వచ్చినామె నేతపని చేసే ఇంటి గడపలో నిలబడితే, ఇద్దరి మధ్య మాట నడవాలి. మా ఇంట్లో ఆజీ మాట అమ్మమ్మకు, అమ్మమ్మ మాట ఆజీకి చిన్నప్పటి నుంచి నేనే చేరవేస్తున్నాను. ఇద్దరికీ కోపం రాకుండా మార్చి చెప్పడం కూడా వచ్చు. దాన్ని ఒక విద్య అని నేను ఎప్పుడూ అనుకోలేదు.

లైఫ్ జాకెట్

సౌకర్యాల్లో చివరిది, అన్నిటికంటే ముందు చెప్పాల్సింది. ఓడ ఎక్కగానే ప్రమాద గంట మోగితే ఎక్కడ నిలబడాలి, జాకెట్ ఎలా కట్టుకోవాలి అని అందరితో ఒకసారి చేయించి చూస్తారు. విసుగ్గా ఉన్నా ఎవరూ తప్పించుకోలేరు.

2007 నవంబర్ 23న ఆ మొదటి ఎర్ర ఓడ ఎక్స్‌ప్లోరర్ అంటార్కిటికా దగ్గర మంచుకు తగిలి మునిగిపోయింది. అందులో 154 మంది ఉన్నారు. రక్షణ పడవల్లోకి దిగి చలిలో గంటలకొద్దీ ఎదురుచూశారు. నార్వే ఓడ ఒకటి వచ్చి అందరినీ ఎక్కించుకుంది. ఒక్క ప్రాణం పోలేదు.

మన గోదావరిలో 2019 సెప్టెంబర్ 15న పాపికొండలకు పోతున్న పర్యాటక బోటు కచ్చులూరు దగ్గర వరదలో మునిగింది. యాభై మంది దాకా చనిపోయారు. ఆ వార్త వచ్చిన రోజు అమ్మ టీవీ కట్టేసి వంటింట్లో కూర్చుంది. ఒకచోట గడ్డకట్టే సముద్రం, ఇంకోచోట మనకు తెలిసిన నది. నీటిని నమ్మడంలో కాదు, నీటికి సిద్ధపడటంలో తేడా ఉంది. జాకెట్ వేసుకుంటే ఫొటో బాగా రాదని తీసేసేవాళ్లం మనలోనూ ఉన్నాం.

మన నది సంగతి

ఇదంతా ఎక్కడో గంగ, ఎక్కడో అంటార్కిటికా అనుకోవచ్చు. మన ఘుగ్గుస్ దగ్గరే వఢా ఉంది. అక్కడ పైన్‌గంగ వర్ధాలో కలుస్తుంది. ఆ నీళ్లు వైన్‌గంగతో కలిసి ప్రాణహిత అవుతాయి, కాళేశ్వరం దగ్గర గోదావరిలో పడతాయి. భద్రాచలం, పాపికొండలు, రాజమండ్రి మీదుగా సముద్రం చేరతాయి. అంటే మనం వఢాలో కాలు పెట్టిన నీరే, అమ్మమ్మ వాళ్ల పెద్దపల్లి జిల్లా పక్క నుంచి వచ్చే గోదావరిలో కాళేశ్వరం దగ్గర కలిసి ముందుకు పోతుంది.

ఈ దారిలో ఓడలు నడపాలని ఒకప్పుడు నిజంగానే ప్రయత్నించారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌కు ఆ ఆలోచన ఉండేది. 1860లలో హేగ్ అనే ఇంజనీరు పని నడిపించాడు. విదర్భ పత్తిని వర్ధా, ప్రాణహిత, గోదావరుల మీదుగా తూర్పు తీరానికి చేర్చాలని ఆశ. దారిలో మూడుచోట్ల బండరాళ్లు అడ్డం. మొదటిది దుమ్ముగూడెం దగ్గర. అక్కడ కట్టిన ఆనకట్ట ఇప్పటికీ ఉంది. ఖర్చు పెరిగింది, పనివాళ్లు జ్వరాల పాలయ్యారు. 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది, పత్తి అటు తిరిగింది. 1871లో పని ఆపేశారు. ఆ ఓడలు మన ఊరి దాకా రానేలేదు.

ఇక ఆజీ ప్రశ్న. అంత పైసలు ఎందుకంటే, కొద్దిమందికే అన్ని ఏర్పాట్లూ చేయాలి కాబట్టి తలకు ఖర్చు ఎక్కువ. ఆ టికెట్ మనలో ఎవరమూ కొనలేం. ఓడ ఆగిన ఊళ్లలోని వాళ్లూ కొనలేరు, ఒడ్డున నిలబడి చేతులూపుతారు. అది నాకు బాధగానే ఉంది. కానీ ఆ ఓడలోని అసలైన సౌకర్యం, అంటే ఒకచోటును చదివి పక్కవాళ్లకు చెప్పగలగడం, దానికి టికెట్ అక్కర్లేదు.

మామయ్యకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. "గట్లనా" అన్నాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియదు. నర్సింగ్ ఫారం గురించి మాత్రం మళ్లీ అడగలేదు.

మా క్లాసులో ముప్పై నలుగురం ఉన్నాం. గంగా విలాస్ అయితే ఇంకా ఇద్దరికి చోటు మిగులుతుంది. ఓడ లేదు కాబట్టి ఆటోల్లో పోదాం. వానలు తగ్గాక ఒక ఆదివారం వఢా సంగమానికి తీసుకెళ్లమని మా మేడమ్‌ను ఈ గోడ మీద నుంచే అడుగుతున్నాను. హేగ్ ఓడల కథ అక్కడ నేను చెప్తాను, తెలుగులో ఒకసారి, మరాఠీలో ఒకసారి. మిగిలిన రెండు సీట్లలో ఒకటి మేడమ్‌ది. రెండోది ఆజీ అడిగేసింది.

— బి.ఏ. ద్వితీయ సంవత్సరం